అంతర్వేది

అంతర్వేది ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రము, డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా, సఖినేటిపల్లి మండలమునకు చెందిన గ్రామము. గోదావరి పాయలలో ఒకటైన వశిష్ఠ, బంగాళాఖాతములో కలిసే చోట ఎడమ గట్టున ఉన్నది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడే వరకు ఇది తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. శ్రీ లక్ష్మీనరసింహస్వామి ఆలయము వలన ఈ ఊరు వైష్ణవ క్షేత్రముగా ప్రసిద్ధి చెందినది. సముద్ర తీరము ఉండుట వలన మాఘమాసపు తీర్థము మొదలు వేసవి సెలవులు ముగిసే వరకు కోనసీమలో మిక్కిలి సందడిగా ఉండే ఊళ్ళలో ఇది ఒకటి. నేడు బస్సులు, కార్లు ఆలయము వరకు వచ్చుచున్నవి. అయినను ఈ ఊరి చరిత్ర, ఉత్సవములు, జీవనోపాధి, ప్రమాదములు అన్నియు నీటితోను, పడవతోను ముడిపడి ఉన్నవి. కనుక ఈ వ్యాసములో నీటి మార్గమునకు కొంత ఎక్కువ చోటు ఇవ్వబడినది.

పేరు

సంస్కృతములో అంతర్వేది అనగా రెండు నదుల నడుమ ఉన్న భూమి అని ఒక అర్థము ఉన్నది. గంగా యమునల మధ్య దేశమును ప్రాచీన గ్రంథములలో ఈ పేరుతోనే పిలిచారు. వశిష్ఠకు, వైనతేయకు మధ్యనున్న దీవి చివరన ఉన్న ఈ ఊరికి ఆ అర్థము చక్కగా సరిపోతుంది. స్థల పురాణము మాత్రము మరొక కారణము చెబుతుంది. బ్రహ్మదేవుడు రుద్రయాగము చేయుటకు ఈ స్థలమును వేదికగా ఎంచుకొని, ఇచ్చట నీలకంఠేశ్వరుని ప్రతిష్ఠించుట వలన అంతర్వేది అనే పేరు వచ్చినదని అందులో ఉన్నది. నీలకంఠేశ్వరాలయము నేటికీ ఊరిలో ఉన్నది.

భౌగోళికము

ధవళేశ్వరము దిగువన అఖండ గోదావరి గౌతమి, వశిష్ఠ అను రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుండి వైనతేయ విడిపోతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న భూభాగములో రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మొదలగు ఊళ్ళు ఉన్నవి. పాత పుస్తకములలో దీనికి నగరం దీవి అని పేరు. మూడు వైపుల నది, దక్షిణమున సముద్రము. ఈ సంగతి గుర్తుంచుకొన్నచో ఇచ్చటి వారికి పడవ ఎందుకంత ముఖ్యమైనదో తెలియగలదు. వంతెనలు లేని రోజులలో ఈ దీవి నుండి ఏ దిక్కుకు పోవలెనన్నా ఒక రేవు దాటవలసినదే. పురుడు పోయవలసిన స్త్రీ అయినా, పరీక్ష వ్రాయవలసిన విద్యార్థి అయినా సరంగు వచ్చే వరకు గట్టున ఎదురు చూడవలసినదే.

పడవ ప్రయాణము

అంతర్వేదికి నీటి మీదుగా వచ్చే దారి పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురము నుండి ప్రారంభమవుతుంది. రైలు దిగిన యాత్రికులు మాధవాయిపాలెం రేవు చేరి, అచ్చట పంటు ఎక్కి వశిష్ఠను అడ్డముగా దాటి సఖినేటిపల్లి రేవులో దిగుతారు. పంటు అనగా రెండు పడవలను పక్కపక్కన కట్టి, వాటి మీద బల్లలు పరచి చేసిన దాటింపు నావ. మనుషులతో పాటు మోటారు సైకిళ్ళు, ఆటోలు, కార్లు, పాల క్యానులు, కూరగాయల బుట్టలు కూడా దీని మీదనే దాటుతాయి. దాటుటకు పట్టే సమయము కొద్ది నిమిషములే. పంటు నిండుటకు పట్టే సమయమే ఎక్కువ. సఖినేటిపల్లి నుండి అంతర్వేదికి రోడ్డు ఉన్నది. దూరము సుమారు 12 కిలోమీటర్లు.

రెండవ పద్ధతి నరసాపురము నుండి లాంచీ మీద నదిలోనే దిగువకు ప్రయాణించి నేరుగా అంతర్వేది చేరుట. ఇది అన్ని రోజులలో దొరికేది కాదు. తీర్థపు రోజులలోను, బృందముగా వెళ్ళి పడవ మాట్లాడుకొన్నప్పుడు మాత్రమే సాధ్యము. వీలున్నవారు ఈ మార్గములోనే ఒకసారి పోవుట మంచిది. రోడ్డు మీద కనబడేది కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు మాత్రమే. నది మీద పోయేవారికి మొదట రెండు గట్ల మీద కొబ్బరి చెట్లు దగ్గరగా కనబడి, క్రమముగా గట్లు దూరమై, పోను పోను మడ చెట్లు, సరుగుడు తోటలు, ఎండలో ఆరవేసిన వలలు కనబడతాయి. గాలిలో ఉప్పు వాసన వచ్చిన కొంతసేపటికి గోపురము, దీపస్తంభము కనబడతాయి. నది ఎక్కడ ముగిసి సముద్రము ఎక్కడ మొదలైనదో పడవలో కూర్చున్నవారు వేలు పెట్టి చూపలేరు.

ఈ ప్రయాణమునకు ఆటుపోట్లు ముఖ్యము. సముద్రములో రోజుకు రెండు సార్లు పోటు, రెండు సార్లు పాటు వస్తాయి. పోటు నీరు నరసాపురము దాటి పైకి ఎక్కుతుంది. మర పడవలు రాక ముందు సరంగులు పాటు నీటితో దిగువకు పోయి, పోటు నీటితో తిరిగి వచ్చేవారు. ఈ వేళలు రోజుకు సుమారు 50 నిమిషములు వెనుకకు జరుగుతాయి. నిన్న తెల్లవారుజామున ఆరు గంటలకు పోటు వచ్చినచో నేడు ఇంచుమించు ఏడు గంటలకు వస్తుందన్నమాట. అమావాస్యకు, పున్నమికి పోటు ఎక్కువ; అష్టమి, నవమి తిథులలో తక్కువ. పల్లెకారులు ఈ లెక్కను గడియారము లేకుండానే తిథిని బట్టి చెప్పగలరు. విద్యార్థులు భూగోళశాస్త్రములో చదువుకొనే చంద్రుని ఆకర్షణ ఇచ్చట నిత్య వ్యవహారము.

వేసవిలో ధవళేశ్వరము ఆనకట్ట దిగువకు వచ్చే మంచి నీరు చాలా తక్కువ. అప్పుడు వశిష్ఠ ఈ భాగములో నది కంటే సముద్రపు పాయను ఎక్కువగా పోలి ఉంటుంది. నీరు ఉప్పగా, నిదానముగా ఉంటుంది. పడవ ప్రయాణమునకు ఇది అనుకూలమైన కాలము. ఆ ఉప్పు నీరే భూమిలోకి దిగి తీర గ్రామముల బావులను పాడు చేస్తుంది. యాత్రికునికి హాయి అయిన ఋతువు గ్రామస్థునికి మంచినీటి ఎద్దడి ఋతువు. జూలై నుండి సెప్టెంబరు వరకు పరిస్థితి పూర్తిగా వేరు. ధవళేశ్వరము వద్ద ప్రవాహము 10 లక్షల క్యూసెక్కులు దాటినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో 25 లక్షలకు మించి నీరు వచ్చినది. అట్టి రోజులలో రేవులు మూసివేయబడి లంక గ్రామములు బయటి ప్రపంచము నుండి విడిపోతాయి.

చరిత్ర

పంటు ఎక్కే మాధవాయిపాలెం ఒకప్పుడు ఐరోపా వర్తకులు ఎరిగిన ఊరు. 17వ శతాబ్దములో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీకి ఇచ్చట వర్తక స్థావరము ఉండేది. నరసాపురము పరిసరములలో ఓడలు కట్టుట, బాగు చేయుట జరిగేది. ఆంగ్లేయులు మాధవాయిపాలెమును మడపోలం అని పలికారు. ఇచ్చటి నూలు బట్టకు ఆ పేరే స్థిరపడి, ఐరోపా భాషలలో నేటికీ ఒక రకపు తెల్లని నూలు వస్త్రమును ఆ మాటతోనే పిలుస్తారు. ఊరి పేరు బట్టకు మిగిలినది, ఊరికి రేవు మిగిలినది.

అంతర్వేది ఆలయ చరిత్రలో కూడ ఓడ ఉన్నది. ఇప్పటి ఆలయమును 1823లో బెండమూర్లంక వాస్తవ్యుడు కొపనాతి కృష్ణమ్మ నిర్మించినట్లు చెబుతారు. ఆయన మత్స్యకార కుటుంబములో పుట్టిన ఓడల వర్తకుడు. సముద్రములో తప్పిపోయిన తన ఓడలు తిరిగి వచ్చినచో గుడి కట్టిస్తానని ఆయన మ్రొక్కుకొన్నాడని, ఓడలు క్షేమముగా రేవు చేరగా మాట నిలబెట్టుకొన్నాడని స్థానిక కథనము. మ్రొక్కు సంగతి నమ్మకమునకు సంబంధించినది. కాని ఒక మత్స్యకారుడు ఇంత గొప్ప ఆలయమును కట్టించగలిగాడంటే ఆనాటి కోనసీమ తీరములో ఓడ వ్యాపారము ఎంత లాభసాటిగా ఉండేదో ఊహించవచ్చును. ఉత్సవములలో మత్స్యకారులకు ఉన్న గౌరవము ఈ కథనమునకు తగినట్లే ఉన్నది.

19వ శతాబ్దములో సర్ ఆర్థర్ కాటన్ 1847-52 మధ్య ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన తరువాత కాలువలు కూడ పడవ దారులైనవి. కాటన్ దృష్టిలో కాలువ అనగా సేద్యమునకు, రవాణాకు కూడ. నగరం దీవికి కాలువ నీరు చేరవలెనంటే వైనతేయను దాటించవలెను. దానికై పి. గన్నవరము వద్ద లెఫ్టినెంట్ హేగ్ పర్యవేక్షణలో 49 కమానులతో అక్విడక్టు కట్టారు. అనగా నది మీద మరొక నీటి దారి. దాని పక్కనే కట్టిన కొత్త అక్విడక్టుకు అన్నదాతగా పేరుగాంచిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కొబ్బరి, ధాన్యము, పెళ్ళివారు, నాటకముల వారు అందరూ ఒకప్పుడు కాలువల మీదనే పడవలలో తిరిగేవారు. గట్టు మీద నడుస్తూ మనుషులు తాడుతో పడవను లాగేవారు. రోడ్లు బాగుపడిన తరువాత ఈ రవాణా క్రమముగా తగ్గిపోయినది.

స్థల పురాణము

హిరణ్యాక్షుని కుమారుడు రక్తవిలోచనుడు తపస్సు చేసి, తన రక్తముతో తడిసిన ఇసుక రేణువులు ఎన్ని ఉంటే అంతమంది రాక్షసులు పుట్టునట్లు వరము పొందాడు. వాడు వశిష్ఠ మహర్షి కుమారులను చంపగా, మహర్షి ప్రార్థనపై నరసింహస్వామి వచ్చి యుద్ధము చేశాడు. స్వామి మాయాశక్తి నాలుక చాచి రక్తము నేల మీద పడకుండ ఆపినది. ఆ శక్తియే ఇచ్చట అశ్వరూఢాంబిక. జనులు గుర్రాలక్క అంటారు. రక్తవిలోచనుని రక్తము పారిన పాయకు రక్తకుల్య అని పేరు. ఈ కథలో రాక్షసుని బలము ఇసుక రేణువు. ఎటు చూసినా ఇసుకే ఉన్న తీరమునకు ఇంతకంటె తగిన వరము మరొకటి ఉండదు.

ఉత్సవములు

స్వామివారి కల్యాణము మాఘ శుద్ధ దశమి రాత్రి, రథోత్సవము మరునాడు భీష్మ ఏకాదశి నాడు జరుగుతాయి. సాధారణముగా ఇవి జనవరి చివర గాని, ఫిబ్రవరిలో గాని వస్తాయి. ఉభయ గోదావరి జిల్లాల నుండియే గాక దూర ప్రాంతముల నుండి కూడ లక్షల సంఖ్యలో జనము వస్తారు. పున్నమి నాడు సముద్రములో చక్రస్నానము జరుగుతుంది. ఈ రోజులలో ఊరు తాత్కాలికముగా ఒక పట్టణమవుతుంది. ఇసుకలో వరుసలుగా దుకాణములు, జీళ్ళు, ఖర్జూరము, గాజులు, చెక్క బొమ్మలు, రంగులరాట్నములు వెలుస్తాయి. కొత్తగా పెళ్ళైన జంటలు కల్యాణమునకు తప్పక వస్తారు.

ఈ క్షేత్రమునకు ఉన్న మరొక విశిష్టత సప్తసాగర యాత్ర. పుష్య బహుళ అమావాస్య, అనగా చొల్లంగి అమావాస్య నాడు కాకినాడ సమీపమున చొల్లంగిలో స్నానముతో మొదలుపెట్టి, గోదావరి ఏడు పాయల సాగర సంగమములలో స్నానము చేస్తూ భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరి యాత్ర ముగిస్తారు. తీరము వెంబడి ఒక మొగ నుండి మరొక మొగకు నడకతోను, పడవలతోను సాగే ఈ యాత్ర ఒక విధముగా డెల్టా మొత్తమును చూసి రావటమే.

2020 సెప్టెంబరు 5వ తేదీ అర్ధరాత్రి తరువాత ఆలయ ప్రాంగణములో షెడ్డులో ఉన్న టేకు రథము కాలిపోయినది. దశాబ్దముల నాటి ఆ రథము కాలిపోవుట రాష్ట్రమంతటా ఆందోళన కలిగించినది. ప్రభుత్వము కొత్త రథము చేయించగా, 2021 ఫిబ్రవరి 19న, రథసప్తమి నాడు, దానిని ప్రారంభించారు. ఆ సంవత్సరము ఉత్సవము కొత్త రథము మీదనే జరిగినది.

వేసవిలో తీరము

తీర్థపు జనము వేరు, వేసవి జనము వేరు. ఏప్రిల్, మే నెలలలో పాఠశాలలకు సెలవులు ఇవ్వగానే కుటుంబములు సాయంకాలము గాలి కోసము వస్తాయి. పట్టణముల నుండి అమ్మమ్మ గారింటికి వచ్చిన పిల్లలకు సముద్రము చూపించుట కోనసీమలో ఆనవాయితీ. పగలు ఇసుక కాళ్ళు కాల్చుతుంది. మధ్యాహ్నము తరువాత సముద్రము మీది నుండి గాలి తిరుగుతుంది. అప్పటి నుండి చీకటి పడే వరకు తీరము నిండి ఉంటుంది. తాటి ముంజలు, కొబ్బరి బొండాలు, మొక్కజొన్న కండెలు అమ్మేవారికి ఇదే పంట కాలము.

ఇదే సమయములో ఊరి పక్కనున్న అంతర్వేది పల్లిపాలెములో మర పడవలు కదలవు. చేపలు గుడ్లు పెట్టే కాలమగుట వలన తూర్పు తీరములో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, సముద్రములో మర పడవల వేట నిషేధము. 2015కు ముందు ఈ గడువు ఇంతకంటె తక్కువగా ఉండేది. వలలు బాగుచేసుకొనుట, పడవలకు రంగులు వేసుకొనుట ఈ రోజులలోనే. సందర్శకులు రేవులో వరుసగా కట్టిన రంగు రంగుల పడవలను చూసి ఫోటోలు తీసుకొంటారు. అవి ఊరక ఉన్నాయంటే ఆ కుటుంబములకు ఆదాయము లేదని అర్థము. ప్రభుత్వము ఇచ్చే నిషేధ కాలపు భృతి 2019 నుండి పది వేల రూపాయలుగా ఉండగా, 2025లో ఇరవై వేలకు పెంచారు.

వరదలు వచ్చిన తరువాత దొరికే పులస కూడ ఈ మొగల గుండానే నదిలోకి ప్రవేశిస్తుంది. సముద్రములో ఉన్నప్పుడు దానిని విలస అంటారు. గోదావరి ఎర్ర నీటికి ఎదురీదిన తరువాతనే పులస అవుతుంది, ధర కూడ అప్పుడే మారుతుంది. వేసవిలో అంతర్వేదికి వచ్చి పులస అడిగేవారికి ఎవరైనా ఉన్నదని చెప్పినచో అది పులస కాదని గ్రహించవలెను.

అన్నాచెల్లెళ్ళ గట్టు

వశిష్ఠ సముద్రములో కలిసే చోటును అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. ఇసుక మేటకు ఒకవైపు నది నీరు, మరొకవైపు సముద్రపు నీరు రంగులో తేడాగా కనబడతాయి. నది తెచ్చే ఒండ్రు, రెండు నీళ్ళ ఉప్పదనములోని తేడా ఇందుకు కారణము. దీనికి సమీపముననే వికసించిన కమలము ఆకారములో కట్టిన వశిష్ఠాశ్రమము ఉన్నది.

చూచుటకు ఇంత అందమైన ఈ చోటే అన్నిటికంటె ప్రమాదకరమైనది. పాటు సమయములో నదిలో నిండిన నీరంతయు ఇరుకైన మొగ గుండా ఒక్కసారిగా సముద్రములోకి లాగబడుతుంది. పైకి అలలు చిన్నవిగా కనబడినా లోపల లాగుడు బలముగా ఉంటుంది. ఇసుక మేటలు ప్రతి వరదకు స్థానము మార్చుకొంటాయి. క్రిందటి సంవత్సరము మోకాలి లోతు ఉన్న చోట ఈ సంవత్సరము మనిషి మునిగే లోతు ఉండవచ్చును. ఈత వచ్చిన యువకులే ఎక్కువగా ఇట్టి చోట్ల ప్రాణములు పోగొట్టుకొంటారు, ఈత రానివారు గట్టునే ఉంటారు గనుక. లాగుడులో చిక్కినవారు గట్టు వైపు ఎదురీదరాదు. గట్టుకు సమాంతరముగా పక్కకు ఈది, లాగుడు తగ్గిన చోట ఒడ్డుకు రావలెను. స్నానమునకు ఆలయమునకు ఎదురుగా జనము ఉండే తీరమే మేలు. అచ్చటనైనను మోకాలు దాటి పోరాదు.

పడవల విషయములో కూడ గోదావరి జిల్లాలకు చేదు అనుభవములు ఉన్నవి. 2018 జూలై 14న ఐ. పోలవరము మండలము పశువుల్లంక వద్ద నిర్మాణములో ఉన్న వంతెన స్తంభమును నాటు పడవ ఢీకొని బోల్తా పడగా, బడి నుండి ఇంటికి పోవుచున్న విద్యార్థినులు గల్లంతయ్యారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగినప్పుడు అందులో ఉన్న 77 మందిలో 26 మంది మాత్రమే బయటపడ్డారు. మొదటి పడవలోని వారు విహారమునకు వచ్చినవారు కారు, రోజూ దాటేవారు. పడవ అనగానే విహారమే తలచేవారు ఈ తేడాను గమనించవలెను. పడవ ఎక్కేవారు లైఫ్ జాకెట్ అడిగి తీసుకొని కట్టుకొనవలెను. నిండిన పడవను విడిచి తరువాతి దానికి ఆగవలెను. చీకటి పడిన తరువాత, వరద హెచ్చరిక ఉన్న రోజున నాటు పడవ మాట్లాడుకొనుట తగదు.

మారుతున్న తీరము

గోదావరి డెల్టా తీరము స్థిరమైనది కాదు. నది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన నేల ఇది. ఎగువన ఆనకట్టలు, జలాశయములు పెరిగిన కొద్దీ సముద్రమునకు చేరే ఒండ్రు తగ్గి, డెల్టా తీరములో పలు చోట్ల సముద్రము ముందుకు వచ్చుచున్నది. అంతర్వేదిలో కూడ అలలు కొబ్బరి తోటలను, కట్టడములను తాకిన సందర్భములు ఉన్నవి. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫానులో వెయ్యి మందికి పైగా మరణించారు, కొబ్బరి తోటలు నేలకూలినవి. సరుగుడు తోటలు, మడ అడవులు ఇట్టి గాలులకు, అలలకు కొంత అడ్డు. చలికాలపు చివరలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరపు ఇసుకలో గుడ్లు పెట్టుటకు వస్తాయి. రాత్రి పూట వాహనములను ఇసుకలోకి తీసుకుపోరాదని చెప్పుటకు ఇదొక కారణము.

రవాణా సౌకర్యములు

కోనసీమ వైపు నుండి వచ్చేవారు అమలాపురము, రాజోలు, మలికిపురం మీదుగా బస్సులో రావచ్చును. రాజోలు నుండి దూరము సుమారు 30 కిలోమీటర్లు. పశ్చిమ గోదావరి నుండి రోడ్డు మార్గములో రావలెనన్నచో పాలకొల్లు వైపు నుండి చించినాడ వంతెన మీదుగా దిండి చేరి, అచ్చటి నుండి మలికిపురం రావలెను. నరసాపురములో ఉన్నవారికి ఇది చుట్టు దారి. అందువలననే వంతెన వచ్చిన తరువాత కూడ సఖినేటిపల్లి రేవుకు గిరాకీ తగ్గలేదు. నరసాపురము, సఖినేటిపల్లి మధ్య వంతెన కట్టవలెనన్న కోరిక దశాబ్దముల నాటిది. శంకుస్థాపనలు ఒకటికి మించి జరిగినవి. 2000-01లో మంజూరైన కోటిపల్లి – నరసాపురము రైలు మార్గము గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటిని దాటవలసి ఉన్నది. తీర్థపు రోజులలో ఆర్టీసీ వారు ప్రత్యేక బస్సులు నడుపుతారు, రేవులో అదనపు పంటులు తిరుగుతాయి. తిరుగు ప్రయాణములో చివరి పంటు వేళను వచ్చేటప్పుడే అడిగి తెలుసుకొనుట అవసరము.